అద్దె ఇల్లు, గ్యాసు బిల్లు, గోడ మీది బాయిలరు

బ్రిటన్‌లో ఇంటికొచ్చే గ్యాసులో వంటకు పోయేది కొద్దిగానే. ఎక్కువ భాగం ఇల్లు వెచ్చబెట్టడానికి, మిగిలినదాంట్లో చాలావరకు వేణ్ణీళ్ళకు ఖర్చవుతుంది. అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ఓ మధ్యరకం కుటుంబం ఏడాదికి 11,500 యూనిట్ల గ్యాసు వాడుతుందని లెక్కగట్టింది. యూనిట్టంటే మన కరెంటు బిల్లులో కనిపించే యూనిట్టే, ఒక కిలోవాట్ అవర్. మన వంటింటి సిలిండరులో ఉండే 14.2 కిలోల గ్యాసు మండితే దాదాపు 195 యూనిట్ల వేడి వస్తుంది. ఆ లెక్కన బ్రిటన్‌లోని మామూలు ఇల్లు ఏడాదికి 59 సిలిండర్లు కాలుస్తోందన్నమాట. అదీ ఏడాది పొడుగునా సమానంగా కాదు. వేసవిలో నెలకో సిలిండరు సరిపోయే ఇంట్లోనే జనవరి వచ్చేసరికి మూడు రోజులకొకటి అయిపోతుంది. హైదరాబాదు నుంచో గుంటూరు నుంచో సెప్టెంబరులో చదువుకు వెళ్ళి, నలుగురితో కలిసి ఇల్లు అద్దెకు తీసుకున్న విద్యార్థి చేతికి జనవరి బిల్లు వచ్చినప్పుడు బాయిలరు చెడిపోయిందేమోనన్న అనుమానం రావడం సహజం. అది నిజమూ కావచ్చు. అయితే ఎక్కువసార్లు దోషం మరోచోట ఉంటుంది.

1960ల దాకా బ్రిటిష్ ఇళ్ళకు అందింది బొగ్గును బట్టీల్లో మాడ్చి తీసిన గ్యాసు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండేది కాబట్టి వెలిగించకుండా కుళాయి తిప్పి వదిలేస్తే ప్రాణాలకే ముప్పు. 1965లో ఉత్తర సముద్రం అడుగున సహజవాయువు దొరికింది. 1967 నుంచి 1977 దాకా పనివాళ్ళు ఇంటింటికీ తిరిగి, ప్రతి పొయ్యికీ ప్రతి హీటరుకూ బర్నర్లు మార్చి, దేశం మొత్తాన్ని ఈ కొత్త గ్యాసుకు మళ్ళించారు. గ్యాసు చవకైపోయింది, గదిగదికీ రేడియేటరు వచ్చింది. 1970లో సెంట్రల్ హీటింగ్ ఉన్నవి మూడో వంతు ఇళ్ళే. ఇప్పుడది లేని ఇల్లు దొరకడం కష్టం. ఇంధనం చవకగా ఉన్నన్నాళ్ళు గోడల్లోంచి ఎంత వేడి బయటికి పోతోందో ఎవరికీ పట్టలేదు. ఆ నిర్లక్ష్యానికి వడ్డీ 2022లో ఒక్కసారిగా కట్టాల్సొచ్చింది.

మీటరు నుంచి పౌండ్ల దాకా

గ్యాసు మీటరు వేడిని కొలవదు, ఘనపరిమాణాన్ని కొలుస్తుంది. ఎన్ని ఘనపుమీటర్ల గ్యాసు లోపలికి వెళ్ళిందో అది చెబుతుంది. దాన్ని కంపెనీ యూనిట్లలోకి మారుస్తుంది. ముందు ఉష్ణోగ్రత, పీడనాల సవరణ కోసం 1.02264తో గుణిస్తారు. తర్వాత ఆ గ్యాసు ఘనపుమీటరుకు ఎన్ని మెగాజౌళ్ళ వేడి ఇస్తుందో ఆ అంకెతో గుణిస్తారు. ఇది సుమారు 39.5 ఉంటుంది, గ్యాసు వచ్చిన చోటును బట్టి కాస్త మారుతుంది, ఎంత అన్నది బిల్లు మీదే రాసి ఉంటుంది. చివరికి 3.6తో భాగిస్తారు. ఇదంతా చేస్తే ఒక ఘనపుమీటరు గ్యాసు 11.2 యూనిట్లవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ఇంట్లో ఏం జరుగుతోందో మీటరు దగ్గర నిలబడి చెప్పవచ్చు.

పాత ఇళ్ళలో ఇప్పటికీ ఘనపుటడుగుల మీటర్లున్నాయి. వాటిలో ఒక అంకె కదిలిందంటే నూరు ఘనపుటడుగులు, అంటే 2.83 ఘనపుమీటర్లు వెళ్ళినట్టు. మీటరు మార్చినప్పుడు కంపెనీ రికార్డులో దాని రకం నమోదు కాకపోతే బిల్లు 2.83 రెట్లు పెరగనైనా పెరుగుతుంది, అదే పాళ్ళలో తగ్గనైనా తగ్గుతుంది. మూడింతలు వచ్చిన బిల్లును పట్టుకుని బాయిలరును తిట్టుకునే ముందు మీటరు ముఖం మీద ఏ కొలత రాసుందో చూడటానికి ఒక్క నిమిషం పడుతుంది. పాతకాలపు పెద్ద ఇళ్ళను చిన్న చిన్న ఫ్లాట్లుగా విడగొట్టిన చోట మరో చిక్కుంది. కింది వాటా మీటరు పై వాటా పేరున, పై వాటాది కింది వాటా పేరున నమోదై ఉంటాయి. ఎవరి గ్యాసుకు ఎవరు డబ్బు కడుతున్నారో ఏళ్ళ తరబడి తెలియదు. మీటరు మీది క్రమసంఖ్యనూ బిల్లు మీది సంఖ్యనూ పక్కపక్కన పెట్టి చూస్తే తేలిపోయే విషయం ఇది.

అంచనా బిల్లుల గొడవ వీటికంటే మామూలు. మీటరు రీడింగు అందకపోతే కంపెనీ పాత వాడకాన్ని బట్టి ఊహించి రాస్తుంది. కొత్తగా దిగినవారికి పాత వాడకం లేదు కాబట్టి ముందు ఆ ఇంట్లో ఉన్నవారి అలవాట్లే లెక్కకొస్తాయి. దిగిన రోజున రీడింగు ఫొటో తీసి పంపకపోతే వారి గ్యాసులో కొంత కొత్తవారి ఖాతాలో పడే వీలుంది. ఇక బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా పోయే డైరెక్ట్ డెబిట్ మొత్తం అసలు బిల్లే కాదు, ఏడాది ఖర్చును పన్నెండుతో భాగించిన అంచనా. అది హఠాత్తుగా పెరిగిందంటే గ్యాసు ఎక్కువ కాలిందని అర్థం చేసుకోనక్కర్లేదు, పాత అంచనా తప్పిందని కంపెనీ ఆలస్యంగా గుర్తించి ఉండవచ్చు. కంపెనీ పొరపాటు వల్ల బిల్లు వేయకుండా వదిలేసిన గ్యాసుకు 12 నెలలు దాటాక డబ్బు వసూలు చేయకూడదని ఆఫ్‌జెమ్ 2018లో నిబంధన పెట్టింది.

ధర సంగతి తెలిసిందే. 2019 జనవరి నుంచి ఆఫ్‌జెమ్ ధరలకు గరిష్ఠ పరిమితి నిర్ణయిస్తోంది. 2021 చివర్లో యూనిట్టు నాలుగు పెన్నీల దగ్గరుండేది. రష్యా యూక్రెయిన్ మీదికి వెళ్ళిన ఏడాదిలో, 2022 అక్టోబరు నాటికి, ప్రభుత్వం సబ్సిడీ ఇచ్చాక కూడా పది పెన్నీలు దాటింది. 2025లో ఆరు, ఏడు పెన్నీల మధ్య ఆడింది. దీనికి తోడు గ్యాసు వెలిగించినా వెలిగించకపోయినా రోజుకు సుమారు 30 పెన్నీల స్థిర ఛార్జీ ఉంటుంది. అంటే ఊరెళ్ళి తాళం వేసిన ఇంటికి కూడా ఏడాదికి నూరు పౌండ్ల పైచిలుకు బిల్లు తప్పదు.

బాయిలరు లోపల

ఇంగ్లండులో ఎక్కువ ఇళ్ళలో కనిపించేది కాంబి బాయిలరు. వంటింటి గోడకు బిగించిన తెల్లటి పెట్టె అది. వేణ్ణీళ్ళ ట్యాంకు ఉండదు. కుళాయి తిప్పగానే బర్నరు వెలిగి, అప్పటికప్పుడు నీళ్ళు కాచి పంపుతుంది. కుళాయి కట్టేశాక అదే మంట రేడియేటర్లలో తిరిగే నీటిని వేడి చేస్తుంది. ఈ రెండు దారుల మధ్య ఒక చిన్న కవాటం ఉంటుంది, దాన్ని డైవర్టర్ వాల్వు అంటారు. ఫ్యాను బయటి గాలిని లాగి గ్యాసుతో కలుపుతుంది, ఆ మిశ్రమం మండుతుంది, ఉష్ణవినిమయకం ఆ వేడిని నీటికి అందిస్తుంది, పొగ గోడలోని గొట్టం గుండా బయటికి పోతుంది. పంపు నీటిని రేడియేటర్లలోకి తోసి వెనక్కి తెస్తుంది.

పొగలో వేడి దాగి ఉంటుంది. మీథేన్ మండినప్పుడు కార్బన్ డయాక్సైడుతో పాటు నీళ్ళూ పుడతాయి. ఒక ఘనపుమీటరు గ్యాసు కాలిస్తే దాదాపు లీటరున్నర నీరు ఆవిరి రూపంలో వస్తుంది. ఆ ఆవిరి అలాగే బయటికి పోతే గ్యాసులోని వేడిలో పదో వంతు దాంతో పాటే పోయినట్టు. పాత బాయిలర్లలో అదే జరిగేది. వాటిలో చాలావాటి సామర్థ్యం 70 శాతం కిందే, కొన్నింట్లో అయితే పైలట్ దీపం రాత్రింబవళ్ళు ఊరికే వెలుగుతుండేది. ఆవిరిని బాయిలరులోనే నీరుగా మార్చి ఆ వేడిని రాబట్టుకునే కండెన్సింగ్ బాయిలర్లను 2005 ఏప్రిల్ నుంచి ఇంగ్లండు, వేల్సుల్లో దాదాపు తప్పనిసరి చేశారు. కాగితం మీద వీటి సామర్థ్యం 90 శాతం పైనే.

కాగితం మీద అనడానికి కారణం ఉంది. ఆవిరి నీరుగా మారాలంటే అది తగిలే లోహం 55 డిగ్రీల కంటే చల్లగా ఉండాలి. రేడియేటర్ల నుంచి తిరిగొచ్చే నీరు అంతకంటే వేడిగా ఉంటే కండెన్సింగ్ బాయిలరు పాత బాయిలరు లాగానే ప్రవర్తిస్తుంది. బిగించేవాళ్ళు చాలాచోట్ల బయటికి వెళ్ళే నీటిని 75, 80 డిగ్రీలకు అమర్చి వెళ్ళిపోతారు. గదులు చప్పున వెచ్చబడతాయి, ఇంటివాళ్ళ నుంచి ఫిర్యాదు రాదు. అదే నీటిని 60 డిగ్రీలకు తగ్గిస్తే రేడియేటర్లు కాస్త తక్కువ వేడిగా, ఎక్కువసేపు పనిచేస్తాయి, గ్యాసు ఆరు నుంచి ఎనిమిది శాతం దాకా ఆదా అవుతుంది. ఇది ముందు పలక మీది మీటతో అద్దెకున్నవారే చేసుకోగల పని. పైసా ఖర్చు లేదు. కాంబి బాయిలర్లకే ఇది వర్తిస్తుంది. వేణ్ణీళ్ళు ట్యాంకులో నిల్వ ఉండే ఇళ్ళలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరగకుండా ఆ నీటిని 60 డిగ్రీల దగ్గర ఉంచాలి కాబట్టి ఇష్టమొచ్చినట్టు తగ్గించకూడదు.

మరో చిక్కు బాయిలరు పరిమాణంతో వస్తుంది. నిమిషానికి పది లీటర్ల నీటిని షవరుకు తగినంత వేడి చేయాలంటే 24 కిలోవాట్లు కావాలి, కాంబి బాయిలర్ల పరిమాణం దాన్ని బట్టే ఉంటుంది. చలి అంతగా లేని రోజున చిన్న ఫ్లాటును వెచ్చగా ఉంచడానికి రెండు మూడు కిలోవాట్లు చాలు. మంటను అంత చిన్నది చేయడం చాలా బాయిలర్ల వల్ల కాదు. అందుకని రెండు నిమిషాలు మండటం, ఆరిపోవడం, మళ్ళీ వెలగడం జరుగుతుంటుంది. వెలిగిన ప్రతిసారీ ఫ్యాను లోపలి వేడిని కొంత బయటికి ఊదేస్తుంది. ఇది మరమ్మతు కోరే లోపం కాదు, ఎంపికలో జరిగిన పొరపాటు. ఆ ఎంపిక చేసింది అద్దెకున్నవారు కాదు, బిల్లు మాత్రం వారిది.

ఏది చెడితే ఎంత పెరుగుతుంది

లెక్క ఒకటి ముందే తేల్చుకోవాలి. బాయిలరు సామర్థ్యం 90 నుంచి 80 శాతానికి పడిపోతే అదే వేడికి ఎనిమిదో వంతు గ్యాసు ఎక్కువ కాలుతుంది. 70కి దిగజారితే పెరుగుదల 29 శాతం. అంతకంటే దిగజారిన ఆధునిక బాయిలరు సాధారణంగా పనిచేయడమే మానేస్తుంది, దాని ఎలక్ట్రానిక్ బోర్డు మంట ఆపేసి ఎర్రర్ కోడ్ చూపిస్తుంది. కాబట్టి మంట సరిగా మండకపోవడం వల్లే బిల్లు రెట్టింపు కావడం అరుదు. రెట్టింపయిందంటే బాయిలరు అక్కర్లేని వేళల్లో మండుతోందని అనుమానించాలి, లేదా ఇల్లు, ధర, మీటరు లెక్క ఈ మూడింట్లో ఒకటి కారణమై ఉండాలి.

అక్కర్లేని వేళ మండటానికి కారణాలు చాలానే ఉన్నాయి. థర్మోస్టాటు రిలే అతుక్కుపోతే గది ఎంత వెచ్చగా ఉన్నా బాయిలరుకు ఆగమన్న కబురు అందదు. టైమరు గడియారం తప్పితే రాత్రి రెండింటికి రేడియేటర్లు వేడెక్కుతాయి, అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి ఎవరికీ తెలియదు. థర్మోస్టాటును చలి కొట్టే హాలులో, వీధి తలుపు పక్కన బిగించి ఉంటే హాలు వెచ్చబడేదాకా పడగ్గదులు ఉడికిపోతాయి. అప్పుడు కిటికీలు తెరుస్తారు, వీధిని వెచ్చబెడతారు. డైవర్టర్ వాల్వు పూర్తిగా మూసుకోకపోతే స్నానానికి నీళ్ళు వదిలినప్పుడల్లా రేడియేటర్లలోకి కూడా వేడి జారుతుంది. జూన్ నెలలో షవరు కింద నిలబడిన మనిషి బయటికొచ్చి రేడియేటరును ముట్టుకుంటే అది గోరువెచ్చగా తగిలిందంటే అనుమానం ఆ వాల్వు మీదే. కొన్ని కాంబిల్లో వేణ్ణీళ్ళు తక్షణం రావడం కోసం లోపల కొంత నీటిని ఎప్పుడూ వేడిగా ఉంచే ఏర్పాటు ఉంటుంది. అది రోజంతా కొద్దికొద్దిగా గ్యాసు తాగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేస్తే వేణ్ణీళ్ళు కొన్ని క్షణాలు ఆలస్యంగా వస్తాయి, అంతే.

నిదానంగా పెరిగే దోషాలు వేరు. రేడియేటర్లు ఉక్కువి. లోపల తిరిగే నీటిలో తుప్పు నిరోధకం అయిపోతే నల్లటి బురద పేరుకుంటుంది. దాంతో రేడియేటరు పైన వేడిగా, అడుగున చల్లగా ఉంటుంది. లండను, ఆగ్నేయ ఇంగ్లండుల్లో కుళాయి నీరు బాగా కఠినం కావడంతో వేణ్ణీళ్ళ వినిమయకంలో సున్నం పేరుకుని వేడి నీటిలోకి దిగడం కష్టమవుతుంది. బాయిలరు ముందున్న పీడనమాపకం చల్లగా ఉన్నప్పుడు 1 నుంచి 1.5 బార్ మధ్య చూపాలి. అది వారం వారం పడిపోతుంటే నీరు ఎక్కడో కారుతోంది, లేదా లోపలి విస్తరణ తొట్టిలో గాలి పోయి, వేడెక్కినప్పుడు పీడనం 3 బార్ దాకా పెరిగి రక్షణ కవాటం నీటిని బయటికి వదిలేస్తోంది. పడిపోయినప్పుడల్లా కొత్త నీరు ఎక్కించడం మామూలు ఉపాయం. ఆ నీటితో పాటు కొత్త ఆక్సిజనూ వెళ్ళి తుప్పును పెంచుతుంది కాబట్టి నెలకు రెండుసార్లు ఎక్కించాల్సి వస్తుంటే అది ఇంజనీరు చూడాల్సిన సంగతి.

శీతాకాలపు ప్రత్యేక జబ్బు ఇంకొకటి. కండెన్సింగ్ బాయిలరులో పుట్టిన నీరు సన్నటి ప్లాస్టిక్ గొట్టం గుండా బయటికి పోతుంది. ఆ గొట్టం ఇంటి బయట, తొడుగు లేకుండా ఉంటే గడ్డకడుతుంది, బాయిలరు ఆగిపోతుంది. నూరేళ్ళలో ఎన్నడూ లేనంత చలి పడ్డ 2010 డిసెంబరులో ఈ ఒక్క కారణంతోనే ఎందరి ఇళ్ళలోనో వేడి పోయింది. గొట్టం మీద గోరువెచ్చని నీళ్ళు పోసి, రీసెట్ మీట నొక్కితే చాలావరకు సరిపోతుంది. మరుగుతున్న నీళ్ళు పోస్తే గొట్టం పగులుతుంది.

గోడల వాటా

ఇంగ్లండులోని ఇళ్ళలో అయిదో వంతు 1919కి ముందు కట్టినవి. ప్రైవేటు అద్దె ఇళ్ళలో ఆ వాటా మూడో వంతుకు చేరువలో ఉంటుంది. విక్టోరియా రాణి కాలపు వరుస ఇళ్ళ గోడలు తొమ్మిది అంగుళాల ఇటుక, మధ్యలో ఖాళీ లేదు, వేడిని ఆపే పొరా లేదు. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే అలాంటి గోడలో చదరపు మీటరుకు సుమారు 2 వాట్ల వేడి పోతుంది. బయట 5 డిగ్రీలు, లోపల 20 అనుకుంటే 50 చదరపు మీటర్ల బయటిగోడ 1,500 వాట్లు వదిలేస్తుంది. రోజంతా అలాగే ఉంచితే 36 యూనిట్ల వేడి, బాయిలరు వృథాను కూడా కలిపితే 42 యూనిట్ల గ్యాసు, యూనిట్టు ఆరు పెన్నీల చొప్పున రెండున్నర పౌండ్లు. ఇది గోడల ఖర్చే, కిటికీలు, పైకప్పు, తలుపు సందులు వేరే. మధ్యలో ఖాళీ ఉండి అందులో వేడిని ఆపే పదార్థం నింపిన గోడయితే ఇందులో నాలుగో వంతే పోతుంది. అందుకే లోపాల్లేని కొత్త బాయిలరున్న పాత ఇంటి బిల్లు, ముసలి బాయిలరున్న కొత్త ఫ్లాటు బిల్లు కంటే ఎక్కువ రావడంలో వింతేమీ లేదు.

థర్మోస్టాటు ఒక డిగ్రీ తగ్గిస్తే ఏడెనిమిది శాతం గ్యాసు మిగలడానికి కారణం కూడా ఈ తేడా లెక్కే. కానీ మరీ తగ్గించి, కిటికీలు బిగించి, తడి బట్టలు గదుల్లో ఆరేస్తే చల్లటి గోడల మీద తేమ పట్టి నల్లటి బూజు లేస్తుంది. దాన్ని పీల్చిన పసిపిల్లలకు ప్రాణాపాయం కూడా కలగవచ్చని రాచ్‌డేల్‌లో 2020లో జరిగిన రెండేళ్ళ అవాబ్ ఇషాక్ మరణం దేశానికి చూపించింది. ఆ పిల్లవాడి పేరుతోనే సామాజిక గృహాల్లో తేమ, బూజులకు గడువులోగా మరమ్మతు చేయాలన్న చట్టం వచ్చింది.

మీటరు దగ్గర పరీక్ష

దోషం ఎక్కడుందో తేల్చడానికి అన్నిటికంటే చవకైన పరికరం మీటరే. అయితే గ్యాసు వాసన వస్తుంటే పరీక్షల జోలికి పోకూడదు. మీటరు దగ్గరి కవాటం మూసి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చీ ముట్టుకోకుండా బయటికొచ్చి 0800 111 999 నంబరుకు ఫోను చేయాలి.

వాసనేమీ లేనప్పుడు, హీటింగ్, వేణ్ణీళ్ళు, స్టవ్వు అన్నీ ఆపి గంట తర్వాత చూస్తే చివరి అంకె కూడా కదలకూడదు. కదిలిందంటే ఎక్కడో గ్యాసు పోతోంది లేదా ఎవరో వాడుతున్నారు. ఇంట్లో అన్నీ ఆపినా మీటరు జోరుగా తిరుగుతుంటే అది పక్క వాటా మీటరు అయి ఉండవచ్చు. తర్వాత ఒక షవరును కొలవాలి. పది నిమిషాల స్నానానికి నాలుగైదు యూనిట్లు, అంటే ఘనపుమీటరులో నాలుగు పదో వంతుల దాకా సహజం. నలుగురు రోజూ స్నానం చేసే ఇంట్లో దీనికే 18 యూనిట్లు పోతాయి. పెద్ద బిల్లులకు కారణం వెతికేటప్పుడు ఈ సంగతిని చాలామంది మరిచిపోతారు. చివరగా రాత్రి పడుకునే ముందు, పొద్దున లేవగానే రీడింగు రాసుకుంటే టైమరు దొంగచాటుగా వెలుగుతోందా లేదా తెలిసిపోతుంది. ఇలా వారం రోజుల అంకెలు చేతిలో ఉంటే ఇంజనీరుతోనైనా ఏజెంటుతోనైనా మాట్లాడటం తేలిక.

బాయిలరు మూత తెరిచే పని మాత్రం అద్దెకున్నవారిది కాదు, యజమానిది కూడా కాదు. 2009 ఏప్రిల్ నుంచి గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవారే ఆ పని చేయాలి. గాలి చాలక గ్యాసు అరకొరగా మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. రంగూ వాసనా లేని ఆ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మన దగ్గర కిటికీ లేని స్నానాల గదుల్లో గ్యాసు గీజర్ల వల్ల జరిగే మరణాలకు మూలం కూడా ఇదే. మంట నీలంగా కాక పసుపుగా ఉండటం, పెట్టె చుట్టూ మసి, ఇంట్లో ఉన్నంతసేపు తలనొప్పి వేసి బయటికెళ్ళగానే తగ్గిపోవడం దీని గుర్తులు. బాయిలరులాంటి స్థిరమైన మండే పరికరం ఉండి, మనుషులు మసిలే ప్రతి గదిలో అలారం పెట్టాలని 2022 అక్టోబరు 1 నుంచి ఇంగ్లండులో యజమానులకు నిబంధన ఉంది.

ఎవరిది బాధ్యత

1985 నాటి ల్యాండ్‌లార్డ్ అండ్ టెనెంట్ చట్టంలోని 11వ సెక్షను ప్రకారం గదుల్ని వెచ్చబెట్టే, నీళ్ళు కాచే పరికరాలను పనిచేసే స్థితిలో ఉంచడం యజమాని బాధ్యత. అద్దె ఒప్పందంలో ఇందుకు విరుద్ధంగా ఏం రాసుకున్నా చెల్లదు. 1998 గ్యాసు భద్రతా నిబంధనల ప్రకారం ఏడాదికొకసారి పరీక్ష చేయించి, ఆ పత్రాన్ని కొత్తగా దిగేవారికి ముందుగానే, ఉన్నవారికి 28 రోజుల్లోగా ఇవ్వాలి. జనం దీన్ని ఇప్పటికీ పాత పేరుతో సీపీ12 అంటారు. ఈ పత్రం ఉంటే బాయిలరు బాగున్నట్టేనన్న నమ్మకం ఒకటి ఉంది. అది సరికాదు. పరికరం మనుషుల్ని చంపదని మాత్రమే ఆ పత్రం చెబుతుంది. బురద నిండిన రేడియేటర్లు, జారుతున్న డైవర్టర్ వాల్వు, 80 డిగ్రీలకు బిగించిన మీట ఇవేవీ అందులోకి రావు. శుభ్రం చేసి సరిచేసే సర్వీసు వేరే పని, దానికి వేరే డబ్బు.

చట్టంలో అసలు సందు ఇక్కడే ఉంది. మరమ్మతు చేయించాలని చట్టం అంటుంది, మెరుగుపరచాలని అనదు. పనిచేస్తూ గ్యాసు తాగే ముసలి బాయిలరు చెడిపోయినట్టు కాదు. కొత్తది పెట్టడానికి వేల పౌండ్లు యజమాని జేబులోంచి పోతాయి, దానివల్ల తగ్గే బిల్లు అద్దెకున్నవారిది. డబ్బు పెట్టేవారికి లాభం లేదు, లాభపడేవారికి పెట్టే హక్కు లేదు. ఈ సందును పూడ్చడానికి జరిగిన ప్రయత్నమే ఈపీసీ అనే శక్తి ధ్రువపత్రం. ఇంగ్లండు, వేల్సుల్లో 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దెలకు, 2020 ఏప్రిల్ నుంచి పాతవాటికీ కనీసం 'ఇ' శ్రేణి ఉండాలన్నారు. అయితే యజమాని అందుకోసం 3,500 పౌండ్లకు మించి పెట్టనక్కర్లేదని మినహాయింపూ ఇచ్చారు. చిరునామా ఇస్తే ప్రభుత్వ వెబ్‌సైటులో ఆ పత్రం ఉచితంగా కనిపిస్తుంది. ఎండాకాలంలో ఇల్లు చూడటానికి వెళ్ళినవారికి గోడలు చెప్పని సంగతిని అది కొంతైనా చెబుతుంది.

గ్యాసు ఖాతా అద్దెకున్నవారి పేరున ఉంటే కంపెనీని మార్చుకునే హక్కు వారిదే. ఖాతా యజమాని పేరున ఉండి ఆయన విడిగా వసూలు చేస్తుంటే, తాను కంపెనీకి కట్టిన యూనిట్టు ధర కంటే ఎక్కువ తీసుకోకూడదు. బిల్లులు అద్దెలోనే కలిసిన ఇళ్ళలో ఒప్పందం అడుగున ఇంత వాడకం దాటితే అదనం అన్న షరతు తరచూ ఉంటుంది. విద్యార్థుల ఇళ్ళలో జనవరి గొడవలకు ఆ ఒక్క వాక్యమే మూలం.

యజమాని పలకకపోతే స్థానిక కౌన్సిలులో పర్యావరణ ఆరోగ్య విభాగం ఉంది. 2004 హౌసింగ్ చట్టం కింద మితిమీరిన చలిని ఆరోగ్యానికి హానిగా పరిగణించి నోటీసు ఇచ్చే అధికారం దానికుంది. 2019 మార్చి 20 నుంచి అమల్లో ఉన్న నివాసయోగ్యత చట్టం కింద అద్దెకున్నవారే నేరుగా కోర్టుకు వెళ్ళవచ్చు. చాలామంది ఇన్నేళ్ళూ వెళ్ళకపోవడానికి కారణం భయం. కారణం చెప్పకుండానే ఖాళీ చేయించే వీలు కల్పించిన 21వ సెక్షను నోటీసు ఎప్పుడొస్తుందోనని బాయిలరు గురించి నోరెత్తేవారు కాదు. 2025 అక్టోబరులో ఆమోదం పొందిన రెంటర్స్ రైట్స్ చట్టం ఇంగ్లండులో ఆ సెక్షనును 2026 మే 1 నుంచి రద్దు చేసింది.

బాయిలరు పూర్తిగా ఆగిపోయిన రోజుల్లో కరెంటు హీటర్లే దిక్కు. కరెంటు యూనిట్టు ధర గ్యాసుకు నాలుగింతలు. రెండు కిలోవాట్ల హీటరును రోజుకు పది గంటలు వాడితే ఒక గదికే అయిదు పౌండ్ల పైన అవుతుంది. ఈ అదనపు ఖర్చును నష్టపరిహారంగా కోరవచ్చు. కానీ ఇంటి లోపలి పరికరాల విషయంలో యజమాని బాధ్యత మొదలయ్యేది లోపం సంగతి ఆయనకు తెలిసిన నాటి నుంచే, ఆ తర్వాత కూడా మరమ్మతుకు సబబైన వ్యవధి ఇవ్వాలి. ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఉండదు. తేదీ ఉన్న ఈమెయిలు, ఎర్రర్ కోడ్ ఫొటో, చెడిన రోజునా బాగుచేసిన రోజునా తీసిన గ్యాసు, కరెంటు మీటర్ల రీడింగులు ఉంటే ఎన్ని రోజులకు ఎంత అదనమైందో న్యాయమూర్తి ముందు కూడికతో తేల్చవచ్చు.